కంటికి ఆనే తప్పులు, ఆనని తప్పులు
పాత యుద్ధవిమాన చిత్రాల్లో ఏది ఎందుకు అబద్ధంలా కనిపిస్తుంది?

1955లో విడుదలైన బ్రిటిష్ చిత్రం ‘ది డామ్ బస్టర్స్’ను నేడు చూసే ప్రేక్షకుడికి ఒక వింత అనుభవం ఎదురవుతుంది. తెరపై ఎగిరేవి నిజమైన లాంకాస్టర్ బాంబర్ విమానాలు, వాటిని నడిపినవారు బ్రిటిష్ వాయుసేన వైమానికులు, అవి నీటిని ఒరుసుకుంటూ దాటిపోయే జలాశయాలు కూడా నిజమైనవే. అంతవరకు కథలో లీనమై ఉన్న కన్ను, బాంబు పేలి ఆనకట్ట పక్కన నీటిస్తంభం లేచిన మరుక్షణమే అది కల్పించినదని తేల్చేస్తుంది. అదే ప్రేక్షకుడు 1976 నాటి ‘మిడ్‌వే’ చూస్తున్నప్పుడు, చార్ల్టన్ హెస్టన్ పోషించిన వైమానికుడు నడిపే ప్రొపెల్లర్ విమానం, విమానవాహక నౌకపై కూలే క్షణానికి ఏకంగా జెట్ విమానంగా మారిపోయినా చాలాసార్లు గమనించనే గమనించడు.

మొదటి లోపం నీటి తీరులో ఉన్న కొద్దిపాటి తేడా మాత్రమే కాగా, రెండవది 1942లో జరిగిన మిడ్‌వే యుద్ధంలోకి 1951 నాటి విమానాన్ని దింపిన పొరపాటు. చరిత్రకారుడి లెక్కలో రెండవదే పెద్ద తప్పు. కంటి లెక్కలో మొదటిదే పెద్దది. ఈ తారుమారుకు కారణం దర్శకుల శ్రద్ధలోనో అశ్రద్ధలోనో కంటే, గురుత్వాకర్షణ, నీరు, కాంతి పనిచేసే తీరులోను, వాటిని పుట్టినప్పటినుంచి చూస్తూ వచ్చిన మానవ మెదడు అలవాట్లలోను ఎక్కువగా ఉంది.

వేషం కట్టిన విమానాలు

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత వేలాది యుద్ధవిమానాలు తుక్కు కింద కరిగిపోయాయి. పదిపదిహేనేళ్ల తరువాత వాటిపై చిత్రాలు తీయదలచిన నిర్మాతలకు, ముఖ్యంగా ఓడిపోయిన దేశాల విమానాలు, ఎగరగల స్థితిలో దాదాపు దొరకలేదు. అందువల్ల పోలికలున్న వేరే విమానానికి రంగులు పూసి, కొన్నిచోట్ల ముక్కు, తోక మార్చి, శత్రువు వేషం కట్టించడం ఆ నాటి చిత్రాలకు తప్పనిసరి అయింది. 1964 నాటి ‘633 స్క్వాడ్రన్’లో మెసర్‌ష్మిట్ 109 ఫైటర్ల పాత్రను అదే సంస్థ రూపకల్పన చేసిన ప్రయాణ విమానం 108 పోషించింది. 1970 నాటి ‘తోరా! తోరా! తోరా!’లో పెర్ల్ హార్బర్‌పై విరుచుకుపడే జపాన్ జీరో ఫైటర్లన్నీ నిజానికి టెక్సన్ అనే అమెరికన్ శిక్షణ విమానాలకు మార్పులు చేసి తయారుచేసినవే.

వీటన్నిటిలో ఆసక్తికరమైన ఉదాహరణ 1969లో గై హామిల్టన్ దర్శకత్వంలో వచ్చిన ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’. ఈ చిత్రానికి జర్మన్ విమానాలు స్పెయిన్ నుంచి వచ్చాయి. మెసర్‌ష్మిట్ 109, హైంకెల్ 111 విమానాలను లైసెన్సుపై తయారుచేసిన స్పెయిన్, జర్మనీ నుంచి ఇంజన్ల రాక ఆగిపోవడంతో, యుద్ధానంతరం వాటికి బ్రిటన్‌లోని రోల్స్ రాయిస్ సంస్థ తయారుచేసిన మెర్లిన్ ఇంజన్లు బిగించుకుంది. అందువల్ల తెరపై బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్, దాన్ని వెంటాడే ‘జర్మన్’ ఫైటర్, ఆ ఫైటర్ కాపుకాసే ‘జర్మన్’ బాంబర్, అన్నీ ఒకే వంశానికి చెందిన ఇంజన్లతో ఎగురుతున్నాయి.

ఈ మార్పు విమానం ముఖాన్నే మార్చివేసింది. అసలు మెసర్‌ష్మిట్‌లోని డైమ్లర్ బెంజ్ ఇంజన్‌ను తలకిందులుగా అమర్చేవారు, అంటే దాని సిలిండర్ల వరుసలు రెండూ కిందికి చూస్తూ ఉంటాయి కనుక పొగగొట్టాలు ముక్కుకు దిగువ భాగంలో కనిపిస్తాయి. మెర్లిన్‌లో సిలిండర్లు పైకి చూస్తాయి కనుక పొగగొట్టాలు ముక్కు పై అంచుకు చేరి, కింది భాగం గడ్డంలా ఉబ్బెత్తుగా తయారైంది. విమానాల గురించి తెలిసినవారు ఈ తేడాను ఒక్క చూపులో పట్టేస్తారు, మిగిలినవారికి రెక్కలపై ఉన్న నల్లని శిలువ గుర్తే సరిపోతుంది. ఈ విషయంలో చరిత్ర కూడా కొంత చమత్కారం చూపింది: మెసర్‌ష్మిట్ 109 తొలి నమూనా 1935లో మొదటిసారి గాలిలోకి లేచినప్పుడు, జర్మన్ ఇంజన్ ఇంకా సిద్ధం కాకపోవడంతో, దానికి బిగించినది రోల్స్ రాయిస్ కెస్ట్రెల్ ఇంజనే.

‘మిడ్‌వే’ దారి వేరు. ఆ చిత్ర నిర్మాతలు కొత్తగా చిత్రీకరించినదానికంటే పాత ఫిల్ములనుంచి తీసుకుని అతికించిన గాలి యుద్ధమే ఎక్కువ. ‘తోరా! తోరా! తోరా!’ నుంచి, అంతకుముందు వచ్చిన జపాన్ చిత్రం నుంచి, యుద్ధకాలంలో నౌకాదళ కెమెరాలు తీసిన అసలు దృశ్యాల నుంచి ముక్కలు తెచ్చి కలిపారు. ఫలితంగా 1942 జూన్ నాటికి యుద్ధరంగానికి రాని విమానాలు తెరపై బారులు తీరాయి. హెస్టన్ పాత్ర మరణించే దృశ్యమైతే 1951లో ఒక పాంథర్ జెట్ విమానం దిగబోయి, నౌక అంచును ఢీకొని రెండు ముక్కలైన నిజమైన ప్రమాదపు ఫిల్ము. ఆ ప్రమాదం జరిగిన నౌక పేరు కూడా మిడ్‌వేయే, దాన్ని నడిపిన వైమానికుడు మాత్రం ప్రాణాలతో బయటపడ్డాడు.

మారిన మనిషిని కూడా గుర్తించని చూపు

ఇంత పెద్ద మార్పు కంటికి ఎందుకు ఆనదన్న ప్రశ్నకు మనోవిజ్ఞాన శాస్త్రం స్పష్టమైన సమాధానం చెబుతుంది. డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1997లో ప్రచురించిన ప్రయోగంలో ఒక చిన్న చిత్రాన్ని చూపించారు. అందులో బల్ల దగ్గర కూర్చున్న వ్యక్తి లేచి నడుస్తాడు, దృశ్యం మారుతుంది, తరువాతి దృశ్యంలో ఫోన్ ఎత్తేది దుస్తులతో సహా పూర్తిగా వేరే నటుడు. చూసినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మనిషి మారిన సంగతిని చెప్పలేకపోయారు. ఈ లోపానికి శాస్త్రవేత్తలు మార్పు పట్ల అంధత్వమని పేరు పెట్టారు.

దీని వెనుక ఉన్న కారణం సులభమైనదే. మెదడు తాను చూసిన ప్రతి దృశ్యాన్ని ఫొటోలా దాచుకోదు, దాచుకునే శక్తి దానికి లేదు కూడా. అది ‘ఎవరు, ఏం చేస్తున్నారు, తరువాత ఏమవుతుంది’ అన్న సారాంశాన్ని మాత్రమే ఒక దృశ్యం నుంచి మరొక దృశ్యానికి మోసుకుపోతుంది. ‘హీరో విమానం దెబ్బతిని దిగబోతున్నది’ అన్న సారాంశం మనసులో ఉన్నంతసేపు, తెరపై కనిపించే లోహపు ముక్కకు ప్రొపెల్లర్ ఉన్నదా లేదా అన్నది ఎడిటర్ బల్లపైనే తప్ప ప్రేక్షకుడి మనసులో లెక్కకు రాదు. పైగా విమానాల ఆకారాలు ఎక్కువమందికి పరిచయం లేనివి. పరిచయం లేనిదానిలో తప్పు పట్టడానికి కొలబద్ద ఉండదు.

నీరు పడే తీరు, వస్తువు కిందికి రాలే వేగం విషయంలో ఆ కొలబద్ద ప్రతి మనిషి తలలోనూ ఉంది. 1998 ఏప్రిల్‌లో కొలంబియా వ్యోమనౌకలో సాగిన న్యూరోల్యాబ్ యాత్రలో దీనిని నిరూపించే చక్కని ప్రయోగం జరిగింది. గురుత్వాకర్షణ ప్రభావం తెలియని ఆ స్థితిలో పైనుంచి విసిరిన బంతి వేగం పెంచుకోకుండా ఒకే తీరుగా వస్తుంది. అయినా దాన్ని పట్టుకోబోయిన వ్యోమగాముల చేతి కండరాలు, బంతి భూమిపైలాగా వేగం పుంజుకుంటూ వస్తుందన్నట్టు, అవసరమైనదానికంటే ముందుగానే బిగుసుకున్నాయి. పక్షం రోజులు అక్కడ గడిపినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. భూమి గురుత్వాకర్షణ ఎంతో మెదడుకు ముందే తెలుసునని, కంటి ముందు జరిగే ప్రతి పతనాన్ని అది ఆ లెక్కతో సరిచూస్తూనే ఉంటుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. స్పెషల్ ఎఫెక్ట్స్ నిపుణుడు మోసగించవలసింది ఈ పరీక్షాధికారినే.

చిన్న నమూనాకు కాలం వేరు

నౌక మునగడం, ఆనకట్ట తెగడం, విమానం కొండను ఢీకొనడం వంటి దృశ్యాలను కంప్యూటర్లు రాకముందు చిన్న నమూనాలతోనే తీసేవారు. నమూనాను ఎంత నిపుణంగా చెక్కినా, రంగులు ఎంత సహజంగా వేసినా, అది కదలడం మొదలుపెట్టగానే దాని చిన్నతనం బయటపడిపోతుంది. గురుత్వాకర్షణను ఎవరూ చిన్నది చేయలేకపోవడమే దీనికి కారణం.

వంద మీటర్ల ఎత్తునుంచి జారిపడిన బండరాయి, గాలి నిరోధాన్ని పక్కన పెడితే, నేలను చేరడానికి సుమారు నాలుగున్నర సెకన్లు పడుతుంది. ఆ దృశ్యాన్ని ఇరవై ఐదో వంతు నమూనాలో, అంటే నాలుగు మీటర్ల ఎత్తులో తీస్తే, రాయి ఒక సెకను కూడా పూర్తికాకముందే, సుమారు 0.9 సెకన్లలో నేలకు తగులుతుంది. పొడవు 25 రెట్లు తగ్గితే కాలం 25 రెట్లు కాక, దాని వర్గమూలమైన 5 రెట్లు మాత్రమే తగ్గుతుంది. తెరపై ఆ నాలుగు మీటర్లను వంద మీటర్లుగా నమ్మమని అడిగినప్పుడు, జారిపడే ఏ వస్తువూ వంద మీటర్లను 0.9 సెకన్లలో దాటలేదని మెదడు లోలోపలే తీర్పు చెబుతుంది. అందువల్లనే నమూనా విస్ఫోటనాలలో శకలాలు హడావిడిగా ఎగిరిపడినట్టు ఉంటాయి.

దీనికి విరుగుడు కెమెరాలో ఉంది. సినిమా ఫిల్ము తెరపై సెకనుకు 24 చిత్రాల చొప్పున కదులుతుంది. నమూనా దృశ్యాన్ని సెకనుకు 24 కాక దానికి ఐదు రెట్లు, అంటే 120 చిత్రాల చొప్పున తీసి, ప్రదర్శనలో మామూలు వేగంతో నడిపితే, 0.9 సెకన్ల పతనం తెరపై నాలుగున్నర సెకన్లుగా సాగుతుంది; కంటికి లెక్క సరిపోతుంది. వందో వంతు నమూనా అయితే పది రెట్లు, అంటే 240 చిత్రాలు అవసరం. ఇంగ్లండ్‌కు చెందిన విలియం ఫ్రూడ్ అనే ఇంజనీరు 1870లలో నీటితొట్టెలో ఓడ నమూనాలను లాగిస్తూ, చిన్న ఓడ లేపే అలలకు పెద్ద ఓడ లేపే అలలకు పొంతన కుదిర్చిన సూత్రం కూడా ఈ వర్గమూలపు లెక్కే.

ఒక చిక్కు తీరితే మరొకటి మొదలవుతుంది. కెమెరా పది రెట్లు వేగంగా నడిస్తే ఒక్కొక్క చిత్రంపై పడే వెలుతురు పదో వంతుకు తగ్గిపోతుంది. మరోవైపు, దగ్గరలోని చిన్న వస్తువును తీసినప్పుడు దాని ముందువెనుక భాగాలు మసకబారుతాయి, ఆ మసకను చూసి మెదడు వస్తువు చేతికందేంత దగ్గరలో ఉన్నదని పసిగడుతుంది. మసక పోవాలంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి, రంధ్రం చిన్నదైతే వెలుతురు మరింత తగ్గుతుంది. ఈ రెండు అవసరాలు కలిసి అపారమైన వెలుతురును కోరుతాయి కనుకనే పెద్ద నమూనాలను స్టూడియో లోపల కాక ఆరుబయట చెరువుల్లో, మండే ఎండలో చిత్రీకరించేవారు. ఖర్చు తగ్గించుకోదలచిన నిర్మాత ఈ గొలుసులో ఏ ఒక్క లంకెను వదిలేసినా బొమ్మ బొమ్మలాగే కనిపిస్తుంది. ‘633 స్క్వాడ్రన్’ చివరలో కూలే విమానాలకు పట్టిన గతి అదే.

నీరు చిన్నబోదు

కాలాన్ని సాగదీసినా లొంగని వస్తువులు రెండు: నీరు, నిప్పు. నీటి ఉపరితలం సాగదీసిన పొరలా బిగువుగా ఉండి నీటిని గుండ్రని చుక్కలుగా కూడగట్టే గుణానికి తలతన్యత అని పేరు. గాలి తాకిడి పెద్ద చుక్కను చీలుస్తుంది, తలతన్యత చిన్న చుక్కను నిలుపుతుంది. ఈ రెండింటి పోరాటంలో రాలే నీటిచుక్క కొద్ది మిల్లీమీటర్లకు మించి పెరగలేదు. చెంబుతో కుమ్మరించిన నీటిలోనైనా, నాగార్జున సాగర్ గేట్లు ఎత్తినప్పుడు దూకే నీటిలోనైనా చుక్క పరిమాణం దాదాపు ఒకటే కాగా, చెంబు నీటిలో చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి, సాగర్ నీటిలో కోట్లాది చుక్కలు కలిసిపోయి తెల్లని పొగలా కమ్ముకుంటాయి.

ఎఫెక్ట్స్ నిపుణుడి కష్టం ఇక్కడే ఉంది. వందల అడుగుల నీటిస్తంభాన్ని రెండు మీటర్ల ఊటతో చూపించదలిస్తే, ఆ ఊటలోని మూడు మిల్లీమీటర్ల చుక్క తెరపై బంతి అంత, ఒక్కొక్కసారి కుండ అంత పెద్దదై కనిపిస్తుంది. అంత పెద్ద నీటిచుక్కను ఏ మనిషీ ఏనాడూ చూసి ఉండడు. కెమెరా వేగాన్ని ఎంత పెంచినా చుక్క చిన్నది కాదు. తలతన్యతను తగ్గించే సబ్బు వంటి పదార్థాలను నీటిలో కలపడం, గాలిని బలంగా ఊది చుక్కలను చీల్చడం వంటి ఉపాయాలు కొంతవరకే పనిచేస్తాయి. నిప్పు విషయంలోనూ ఇదే జరుగుతుంది: పెద్ద మంటలో ఎన్నో చిన్న నాలుకలు సుడులు తిరుగుతుంటే, చిన్న మంటలో నాలుగైదు పెద్ద నాలుకలే ఊగుతాయి. నమ్మదగిన మార్గం ఒక్కటే, అది నమూనాను వీలైనంత పెద్దదిగా కట్టడం. ‘తోరా! తోరా! తోరా!’ బృందం యుద్ధనౌకల నమూనాలను పదుల అడుగుల పొడవున నిర్మించింది. ఆ సంవత్సరం స్పెషల్ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ ఆ చిత్రానికే దక్కింది.

రహస్యం దాచిన బాంబు, దాగని నీటిస్తంభం

‘ది డామ్ బస్టర్స్’ ఈ రెండు జాతుల తప్పులకూ ఒకేచోట ఉదాహరణగా నిలుస్తుంది. 1943 మే 16 రాత్రి బ్రిటిష్ వాయుసేన 617వ స్క్వాడ్రన్‌కు చెందిన 19 లాంకాస్టర్లు జర్మనీలోని మోనె, ఏడర్, జోర్పె ఆనకట్టలపై దాడికి బయలుదేరాయి. వాటిలో 8 తిరిగి రాలేదు, 53 మంది వైమానికులు మరణించారు. ఈ దాడికి బార్న్స్ వాలిస్ అనే ఇంజనీరు రూపొందించిన బాంబు నీటిపై గంతులు వేస్తూ పోయి, టార్పెడోలను ఆపే వలలను దాటి, ఆనకట్ట గోడను తాకి, గోడను ఆనుకునే మునిగి, సుమారు 9 మీటర్ల లోతున నీటి ఒత్తిడికి పేలుతుంది.

చిత్రంలో ఈ బాంబు, పక్కలు కొద్దిగా చదునుగా ఉన్న గోళంలా కనిపిస్తుంది. అసలు బాంబు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవు, నాలుగు టన్నులకు పైగా బరువు ఉన్న పీపా ఆకారపు లోహఖండం. విమానం దాన్ని వదలకముందే, వెళ్లే దిశకు వ్యతిరేకంగా, నిమిషానికి సుమారు 500 చుట్లు తిప్పేవారు. ఆ వెనుతిరుగుడే బాంబుకు ప్రాణం: నీటిని తాకినప్పుడు మునిగిపోకుండా పైకి లేవడానికి అది తోడ్పడుతుంది, గోడను తాకిన తరువాత వెనక్కి తుళ్లిపోకుండా గోడనే పట్టుకుని దిగడానికీ తోడ్పడుతుంది. ఇంత కీలకమైన తిరుగుడు చిత్రంలో కనిపించదు. ఇది దర్శకుడు మైకేల్ ఆండర్సన్ అజ్ఞానం కాదు. 1955 నాటికి ఆ బాంబు ఇంకా ప్రభుత్వ రహస్యంగానే ఉంది. యుద్ధకాలంలో తీసిన నిజమైన ప్రయోగాల ఫిల్మును చిత్రంలో వాడుకోనిచ్చినా, ప్రతి ఫ్రేములోనూ బాంబుపై నల్లని మచ్చ వేసి దాని ఆకారాన్ని దాచారు. తెరపై ఎగిరే ఆ నల్లని ముద్ద ఎఫెక్ట్స్ వారి లోపం కాదన్నది చాలామంది విమర్శకులు గమనించని విషయం.

బాంబును వదలవలసిన 60 అడుగుల ఎత్తును చీకటిలో కచ్చితంగా నిలుపుకోవడానికి విమానం కింద రెండు దీపాలను వేర్వేరు కోణాల్లో బిగించారు. సరిగ్గా ఆ ఎత్తులో మాత్రమే రెండు వెలుగు మచ్చలు నీటిపై ఒకదాన్నొకటి తాకుతాయి, ఎత్తు మారితే విడిపోతాయి. ఈ ఆలోచన నాయకుడు గై గిబ్సన్‌కు నాటకశాలలో దీపాలను చూస్తుండగా తట్టినట్టు చిత్రం చెబుతుంది. వాస్తవానికి దాన్ని సూచించినది విమాన ఉత్పత్తి మంత్రిత్వ శాఖకు చెందిన బెంజమిన్ లాక్‌స్పైజర్, అప్పటికే సముద్రంపై గస్తీ తిరిగే విమానాలకు ఆ పద్ధతి పరిచితమైనది. కథకు అందం తెచ్చిన ఈ అబద్ధాన్ని ఏ కన్నూ పట్టలేదు.

పట్టుబడింది నీరు. పేలుళ్ల నీటిస్తంభాలను వేరుగా తీసి, జలాశయ దృశ్యంపై సూపర్ ఇంపోజ్ చేశారు, అంటే ఒక చిత్రంపై మరొక చిత్రాన్ని ముద్రించారు. ఇలా ముద్రించినప్పుడు రెండు చిత్రాల వెలుగులు కలిసిపోతాయి. వెలుగును కలపడం సాధ్యమే కానీ చీకటిని కలపడం సాధ్యం కాదు. నిజమైన నీటిస్తంభం తన వెనుక ఉన్న గోడను, కొండను కప్పేయాలి, దాని నీడ పక్కన నీటిపై పడాలి. అతికించిన స్తంభం వెనుకదాన్ని పూర్తిగా కప్పదు, నీడనూ వేయదు. నీటిస్తంభం ఆకారంలో మూసను కత్తిరించి ముద్రిస్తే వెనుక దృశ్యం కనబడకుండా చేయవచ్చు కానీ, నీటి తుంపరలకు కత్తిరించగల అంచంటూ లేదు. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా చుట్టూ గీత మిగులుతుంది. ఆస్కార్ నామినేషన్ వరకు వెళ్లిన ఈ ఎఫెక్ట్స్, ఆ సంవత్సరం కొరియా యుద్ధంపై తీసిన మరొక విమాన చిత్రం ‘ది బ్రిడ్జెస్ ఎట్ టోకో-రి’ చేతిలో ఓడిపోయాయి. ఓటమి న్యాయమైనదే అయినా, నిజమైన లాంకాస్టర్లు నీటిని ఒరుసుకుపోయే దృశ్యాలకు సాటి రాగలవి ఇతర చిత్రాల్లో అరుదు. ఆ నీటి ఎఫెక్ట్స్ ఛాయాగ్రహణంలో పాలుపంచుకున్న గిల్బర్ట్ టేలరే తరువాత 1977లో ‘స్టార్ వార్స్’కు ఛాయాగ్రాహకుడయ్యాడు.

---
ప్రత్యేక వివరణ: ప్రొపెల్లర్ వెనక్కి ఎందుకు తిరుగుతుంది?

మూడు రెక్కల ప్రొపెల్లర్‌లో ఒక రెక్క స్థానంలోకి మరొక రెక్క రావడానికి మూడో వంతు చుట్టు చాలు. సెకనుకు 24 చిత్రాలు తీసే కెమెరా ముందు ప్రొపెల్లర్ సెకనుకు సరిగ్గా 8 చుట్లు తిరిగితే, ప్రతి చిత్రంలోనూ రెక్కలు అవే స్థానాల్లో దొరుకుతాయి కనుక అది ఆగిపోయినట్టు కనిపిస్తుంది. వేగం అంతకంటే కొద్దిగా తక్కువైతే ప్రతి చిత్రంలోనూ రెక్క కొంచెం వెనుకబడి, ప్రొపెల్లర్ వెనక్కి తిరుగుతున్నట్టు భ్రమ కలుగుతుంది. ఇంజన్ మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు ఈ వేగాలన్నిటినీ దాటుతుంది కనుక భ్రమ అప్పుడే ఎక్కువ. ఇది కెమెరా స్వభావమే తప్ప చిత్రబృందం తప్పు కాదు.

నమూనా విమానాల్లో మాత్రం ప్రొపెల్లర్ తిరిగే తీరు నిజంగానే తప్పు కావచ్చు. సెకనుకు 120 చిత్రాల చొప్పున తీసిన దృశ్యం తెరపై ఐదు రెట్లు నెమ్మదిస్తుంది కనుక, నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతున్నట్టు కనిపించవలసిన ప్రొపెల్లర్‌ను 6,000 చుట్లు తిప్పాలి. ఆ సంగతి మరిస్తే ఆకాశంలో ఎగురుతున్న బాంబర్‌కు బద్ధకపు ప్రొపెల్లర్ మిగులుతుంది.

---

నిజమే అబద్ధంలా కనిపించినప్పుడు

నిజమైన విమానాలను, నిజమైన ఆకాశంలో, నిజమైన వేగంతో ఎగరవేస్తే మేలైన దృశ్యం దొరుకుతుందని అనుకోవడం సహజం. 1927 నాటి ‘వింగ్స్’ దర్శకుడు విలియం వెల్‌మాన్ మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా ఫైటర్ నడిపినవాడు; 1930లో వచ్చిన ‘హెల్స్ ఏంజెల్స్’ నిర్మాత హోవర్డ్ హ్యూస్ విమానాల పిచ్చి ఉన్న కోటీశ్వరుడు. మబ్బు తునక లేని నీలాకాశం కింద విమానాలు సిద్ధంగా ఉన్నా, ఈ ఇద్దరూ మేఘాల కోసం చిత్రీకరణ ఆపి రోజుల తరబడి ఎదురుచూశారు. హ్యూస్ అయితే మేఘాలను వెతుక్కుంటూ తన బృందాన్ని ఉత్తర కాలిఫోర్నియాకు తరలించాడు.

కన్ను వేగాన్ని నేరుగా కొలవలేదు. ఒక వస్తువు మరొకదానిని దాటిపోవడాన్నిబట్టి ఊహిస్తుంది. గంటకు 150 కిలోమీటర్లతో పోయే విమానాన్ని, అదే వేగంతో పక్కనే పోయే మరొక విమానం నుంచి తీసినప్పుడు రెండింటి మధ్య దూరం మారదు. వెనుక ఖాళీ ఆకాశమే ఉంటే ఎగిరే విమానం గోడకు తగిలించిన బొమ్మలా నిశ్చలంగా నిలుస్తుంది. వెనుక మేఘం ఉంటే అది వెనక్కి జారిపోతూ వేగాన్ని చూపిస్తుంది. దూరపు మేఘం నెమ్మదిగా, దగ్గరి మేఘం వేగంగా జారడం వల్ల లోతు కూడా తెలుస్తుంది. ‘ది డామ్ బస్టర్స్’లో లాంకాస్టర్లు అంత భయంగొలిపేలా కనిపించడానికి కూడా కారణం వాటి కింద పరుగెత్తే నీరే.

కాక్‌పిట్ దృశ్యాల్లో దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది తలెత్తేది. స్టూడియోలో కదలని కాక్‌పిట్‌లో నటుణ్ని కూర్చోబెట్టి, వెనుక తెరపై ఆకాశపు ఫిల్మును ప్రదర్శించే బ్యాక్ ప్రొజెక్షన్ పద్ధతిలో, మేఘాలు బాగానే పరుగెత్తుతాయి. కానీ నిజంగా విమానం ఒక పక్కకు ఒరిగి మలుపు తిరిగితే సూర్యకాంతి వైమానికుడి ముఖాన్ని అడ్డంగా తుడుచుకుపోతుంది, కాక్‌పిట్ చట్రపు నీడలు అతని ఛాతీపై పాకుతాయి. స్టూడియో దీపం కదలదు కనుక వెనుక దిక్కులన్నీ తిరిగినా నటుడి ముక్కు నీడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ‘వింగ్స్’ నటులు ఈ ఇబ్బందిని ఎదుర్కోలేదు, ఎందుకంటే వారు నిజంగానే గాలిలోకి వెళ్లి, విమానానికి బిగించిన కెమెరాను తామే నడుపుకుంటూ నటించారు.

చెవి చేసే మినహాయింపు

ప్రకృతి నియమాలను ఉల్లంఘిస్తే ప్రేక్షకుడు తప్పక పట్టేస్తాడన్న వాదానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, అది శబ్దం. కిలోమీటరు దూరంలో పేలిన బాంబు శబ్దం చెవికి చేరడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. మెరుపు తరువాత ఉరుము ఆలస్యంగా వస్తుందని పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా యుద్ధచిత్రాల్లో వెలుగు, శబ్దం జంటగా వస్తాయి, ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. జర్మన్ స్టూకా బాంబర్లు కొన్నిటికి, శత్రువును బెదరగొట్టడానికి, చక్రాల కాళ్లపై గాలికి తిరిగే సైరన్లు బిగించారు. ఆ ఒక్క విమానపు ఏడుపును సినిమా ఆ తరువాత కిందికి దూకే ప్రతి విమానానికీ అంటగట్టింది. ‘తోరా! తోరా! తోరా!’లో జీరో వేషం వేసిన టెక్సన్ గొంతు కూడా వేరే. దాని ప్రొపెల్లర్ గేర్ల మధ్యవర్తిత్వం లేకుండా ఇంజన్ వేగంతోనే తిరుగుతుంది కనుక రెక్కల కొనలు ధ్వనివేగానికి చేరువై, చెవులు చిల్లులుపడే గరగర పుట్టిస్తాయి. చూపు విషయంలో కఠినంగా ఉండే మెదడు, శబ్దాన్ని మాత్రం సంగీతంతో పాటు కథకుడి సొత్తుగా వదిలివేసినట్టుంది.

తెలిసి చేసిన తప్పు

కంప్యూటర్లు వచ్చిన తరువాత నీటిచుక్క బెడద తగ్గింది, విమానాల కొరత మాత్రం పోలేదు. 2017లో క్రిస్టఫర్ నోలన్ తీసిన ‘డంకర్క్’లో నిజమైన స్పిట్‌ఫైర్లు ఎగిరాయి, నటులను కూర్చోబెట్టి తీసిన గగన దృశ్యాలకు స్పిట్‌ఫైర్‌లా మార్చిన రష్యన్ యాక్ విమానాన్ని వాడారు, మెసర్‌ష్మిట్ పాత్రకు మళ్లీ స్పెయిన్ విమానమే దిగింది. దాని ముక్కుకు పసుపు రంగు పూశారు. జర్మన్ ఫైటర్ల ముక్కులకు ఆ రంగు చిత్రంలో చూపిన డంకర్క్ తరలింపు తరువాతనే, 1940 వేసవి సాగుతుండగా వచ్చింది. నోలన్‌కు ఆ సంగతి తెలియక కాదు. బూడిదరంగు ఆకాశంలో క్షణకాలం మెరిసి మాయమయ్యే రెండు విమానాల్లో ఏది ఎవరిదో, ఆకారాన్నిబట్టి సామాన్య ప్రేక్షకుడు పోల్చుకోలేడు కనుకనే ఆ తప్పును తెలిసి చేశారు.